కత్తెరకు ముందు కొలత

కేంద్ర సినిమా సర్టిఫికేషన్ బోర్డు, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయంలో సినిమాలు చూసి సర్టిఫికెట్టు తేల్చే సభ్యులకు,

అయ్యా, అమ్మా,

దబీర్‌పురా నుంచి ఒక ప్రేక్షకురాలి నమస్కారం. ఫార్సీలో దబీరు అంటే రాయసకాడు. పేరులోనే రాతకోతలున్న పేట మాది కనుక, ఉత్తరం రాయడానికి వేరే అర్హత చూపించనక్కర్లేదనుకుంటాను.

మీ బోర్డు పేరులోంచి ‘సెన్సారు’ అన్న మాట 1983లోనే పోయింది గానీ మా నాలుకల మీంచి పోలేదు. మాకు మీరింకా సెన్సారువాళ్ళే, చేతిలో కత్తెర ఉన్నవాళ్ళే. కత్తెరంటే నాకు కోపమేమీ లేదు. నేను పెరిగిందే కత్తెర చప్పుడు మధ్య. మా మేనమామ దర్జీ. గుడ్డ ఎక్కడ కత్తిరించాలన్నది తరవాతి మాట, ముందు కొలత సరిగ్గా తియ్యాలి అనేవాడు. ఈ ఉత్తరం ఆ కొలత గురించే.

మొన్న ఆదివారం మా పదేళ్ళ పిల్లతో కూచుని ఒక పాత బొమ్మల సినిమా మళ్ళీ చూశాను. 1996లో డిస్నీ వాళ్ళు తీసిన ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోత్ర్‌దామ్’. విక్టర్ హ్యూగో 1831లో వెలువరించిన నవల దానికి మూలం. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ తీసిన గ్యారీ ట్రౌస్‌డేల్, కర్క్ వైజ్‌లే దీనికీ దర్శకులు. బాణీలు ఆలన్ మెంకెన్‌వి, పాటల్లో మాటలు స్టీఫెన్ ష్వార్ట్జ్‌వి. గంటన్నర సినిమా. ఇంటిల్లిపాదీ చూడొచ్చని అమెరికాలో దీనికి ‘జి’ సర్టిఫికెట్ ఇచ్చారు. మన ‘యు’ లాంటిదన్నమాట. సినిమా చూసినవాళ్ళకు ఆ సంగతి ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఎందుకంటే, బొమ్మ పడి పది నిమిషాలు కాకుండానే పసిగుడ్డును గుండెకు అదుముకుని పరుగెత్తే ఒక తల్లి చర్చి మెట్ల మీద పడి ప్రాణం విడుస్తుంది. ఆమెను గుర్రం మీద తరిమిన న్యాయాధికారి ఫ్రోలో మూట విప్పి చూస్తాడు. దొంగసొమ్ము అనుకున్నది వంకర ముఖం ఉన్న బిడ్డ. బావిలో పడెయ్యబోతాడు. చర్చి పెద్ద అడ్డుపడితే పాపభయంతో ఆగి, ఆ బిడ్డను గంటల గోపురంలో దాచి పెంచుతాడు. సగమే తయారైనవాడు అని అర్థం చెప్పి క్వాసిమోడో అని పేరు పెడతాడు. ఆ ఫ్రోలోయే తరవాత ఒక రాత్రి మండుతున్న పొయ్యి ముందు నిలబడి, ఎస్మరాల్డా అనే జిప్సీ అమ్మాయి మీద తనకు పుట్టిన మోహానికి దోషం ఆమెదేనని దేవుడికి చెప్పుకుంటూ పాడతాడు. తనకు దక్కకపోతే ఆమె కాలిపోవాలని కోరుకుంటాడు. ఒక పిండిమర యజమాని ఇంటికి, లోపల పిల్లాపాపలుండగానే, తలుపు బిగించి నిప్పు పెడతాడు. ఇదంతా పిల్లల పాటల సినిమాలో!

మధ్యలో మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఏం చూస్తున్నామో చెప్పాను. కథ కొంచెం విని, ‘‘ఆదివారం పూట పిల్లకు గివేం సినిమాలు వదినా? మంచిదొక్కటి దొరకలేదా?’’ అంది.

ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. మీ బల్ల మీద కూడా రోజూ ఉండే ప్రశ్నే అది. అయితే మేముండే పేట సంగతి ఒకటి చెప్పాలి. పాత ఊరి కోటగోడ దర్వాజాల్లో ఈనాటికి మిగిలినవి రెండు. ఒకటి పురానాపూల్ దగ్గరిది, రెండోది మా దబీర్‌పురా దర్వాజా. బీబీ కా అలావా అనే పీర్లచావిడి ఉన్నది మా పేటలోనే. ప్రతి మొహర్రం పదో రోజున అక్కణ్ణించే బీబీ కా ఆలం అనే పవిత్ర పతాకం ఏనుగు మీద బయల్దేరి, చార్మినార్, గుల్జార్ హౌజ్, దారుల్‌షిఫా మీదుగా మూసీ పక్కన చాదర్‌ఘాట్ చేరుతుంది. ఆ పది రోజులూ ఈ గల్లీల్లో పిల్లల చెవిన పడే కథ ఏమిటి? కర్బలా ఎండ, నీళ్ళు దొరకనివ్వని సైన్యం, ఆరు నెలల పసివాడి గొంతుకు తగిలిన బాణం. నల్ల కుర్తాలు తొడుక్కుని, తండ్రుల భుజాలెక్కి వింటారు. పెద్దవాళ్ళు గుండెలు బాదుకుని ఏడవడం చూస్తారు. మధ్యలో దిగి సబీలు దగ్గర షర్బతు తాగి వస్తారు. సబీలంటే ఏమిటి? ఆనాటి దాహానికి గుర్తుగా దారినపోయే ఎవరికైనా పోసే నీళ్ళు. చిన్నపిల్లలు పెద్దల తోడుతోనే రావాలని అక్కడ ఎవరూ బోర్డు పెట్టలేదు. పెద్దల తోడు లేని పిల్లలు అక్కడ కనబడరు కనుక.

మేం తెలుగువాళ్ళం, మా అమ్మ పుట్టిల్లు నల్గొండ దిక్కు. ఆ ఊళ్ళో పీర్ల పండుగకు గుండం చుట్టూ ఆడేవాళ్ళలో సగం మంది మా ఇళ్ళవాళ్ళే. మిగతా ఏడాదంతా చెప్పుకోడానికి హరిశ్చంద్రుడి కథ ఉండనే ఉంది. పాము కరిచి కొడుకు పోతే, కాటికాపరిగా ఉన్న తండ్రే ఆ శవానికి సుంకం అడుగుతాడు. సీతను అడవిలో దింపి వెనక్కి తిరిగే లక్ష్మణుణ్ణి తోలుబొమ్మల తెర మీద చూసి, ఆ తరవాత 1963లో వచ్చిన ‘లవకుశ’లో చూసి, పిల్లలూ ముసలివాళ్ళూ కలిసే ఏడ్చారు. చీకటి కథ మన పిల్లలకు ఎన్నడూ పరాయిది కాదు. ఆ మాటకొస్తే డిస్నీ సినిమా మొదలయ్యేదీ బొమ్మలాటతోనే. క్లోపాన్ అనే ఆటగాడు వీధిలో పిల్లల్ని పోగేసి, ఈ కథలో అసలు రాక్షసుడు ఎవరో మీరే తేల్చుకోండన్నట్టు ఒక పొడుపు విసురుతాడు.

ఆ పొడుపు విప్పే ఘట్టం ఒకటుంది. దాని కోసమే మీకు ఈ ఉత్తరం.

ఊళ్ళో వెర్రివాళ్ళ పండుగ. అందరికంటే వికారమైన మొహం ఉన్నవాణ్ణి ఆ రోజుకు రాజును చేస్తారు. ఇరవై ఏళ్ళుగా గోపురం దిగని క్వాసిమోడో భయపడుతూ దిగి వస్తాడు. అతనిది తొడుగు కాదు, సొంత మొహమేనని తెలిసి జనం ఒక్క క్షణం జడుసుకుని, వెంటనే కిరీటం పెట్టి ఊరేగిస్తారు. వాడు మురిసిపోతాడు. ఇంతలో ఒక సైనికుడు టమాటా విసురుతాడు. ఇంకొకడు, ఇంకొకడు. తాళ్ళతో చక్రానికి కట్టి గిరగిర తిప్పుతారు. దయ్యాలూ రాక్షసులూ కాదు, ఇందాక కిరీటం పెట్టిన జనమే విరగబడి నవ్వుతారు. పెంచినవాడు పక్కనే కూచుని చూస్తూ కాపాడడు.

మా పిల్ల నా చెయ్యి పట్టుకుని అడిగింది: ‘‘అమ్మా, వాళ్ళందరు నవ్వుతుంటే మనకెందుకు నవ్వొస్తలేదు?’’

నాకు జవాబు వెంటనే తోచలేదు. గోడ మీద మా మామ ఫోటో వంక చూశాను.

మామకు ఆరో ఏట వెన్నుకు క్షయ తగిలింది. మందులతో రోగం పోయింది గానీ వెన్ను వంగిపోయింది. దర్వాజాకు ఇవతల, ఒక మనిషి కూచుంటే నిండిపోయే డబ్బాలో ఆయన మిషను. మొహర్రం దగ్గర పడితే దుకాణం నిండా నల్ల తానులు. ఆ నెల్లాళ్ళూ ఆయన వేళ్ళ సందుల్లో, బువ్వ తినే కంచంలో కూడా నల్ల దారప్పోగులే. పెద్దలకు కొలతకు తగ్గట్టే కుట్టేవాడు, పిల్లల కుర్తాలకు మాత్రం మడతలో రెండంగుళాలు ఎక్కువ వదిలేవాడు, వచ్చే ఏడాదికి కూడా వస్తుందని. చుట్టుపక్కల ఆయన పేరు ఎవరికీ తెలియదు. గూని టైలరంటే చాలు, గిరాకీ నేరుగా వచ్చేది. పిలిస్తే పలికేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కిరాయికి తెచ్చిన వీడియో క్యాసెట్లో ఈ సినిమా మొదటిసారి చూశాం. మామకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఒళ్ళో కాజాలు కుట్టే పని పెట్టుకుని మా వెనక కూచున్నాడు. చక్రం తిరిగే ఘట్టం వచ్చేసరికి సూది ఆగింది. ఎస్మరాల్డా మెట్లెక్కి, క్వాసిమోడో మొహం మీది మురికి తుడవడానికి చెయ్యి చాపుతుంది. అంతమంది జనం ఒక్కసారిగా చప్పుడు మానేస్తారు. అమ్మాయి అతని కట్లు కోస్తుంది. మామ అన్నాడు: ‘‘బిడ్డా, గా నవ్వుడు ఆగిన కాడికి మళ్ళొకసారి పెట్టు.’’ కట్లు కోసిన చోటికి కాదు. నవ్వు ఆగిన చోటికి. నాలుగుసార్లు వెనక్కి తిప్పించాడు. హ్యూగో నవలలో ఈ ఘట్టం కొంచెం వేరు. కొరడాదెబ్బలు తిని దాహమని అరుస్తున్న అతనికి ఆమె నీళ్ళు తాగిస్తుంది. సబీళ్ళు పెట్టే పేటలో ఆ సంగతి ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

ఆ తరవాత ఏడాదికో రెండేళ్ళకో ఇంటిల్లిపాదీ కలిసి ఒక తెలుగు సినిమాకు వెళ్ళాం. సినిమా పేరూ, హాలు పేరూ చెప్పను. తప్పు ఏ ఒక్కరిదో అయితే ఈ ఉత్తరం మీకు రాసేదాన్ని కాదు. అందులో ఒక హాస్యనటుడు చొక్కా లోపల వీపు మీద దిండు పెట్టుకుని వంగి నడుస్తాడు. వచ్చినవాడల్లా ఆ దిండు మీద ఒక్కటి చరుస్తాడు, చరిచినప్పుడల్లా డప్పు మోత. హాలు హాలంతా నవ్వు. మా ముందు వరసలో ఒకతను వెనక్కి తిరిగి మామను చూసి, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఆ రోజు మా వరసలో అందరికన్నా గట్టిగా నవ్వింది మామ. ఇంటికొచ్చాక అమ్మ నిలదీస్తే ఆయనన్న మాట ఇది: ‘‘నేను నవ్వకుంటె అందరు నన్నే చూస్తరక్కా.’’

ఇప్పుడు చెప్పండి. ఈ రెండు సినిమాల్లో చీకటి ఎందులో ఉంది? ఒకదాంట్లో వంగిన వెన్నును చూసి నవ్విన జనాన్ని చూపించి మనకు సిగ్గు పుట్టించారు. రెండోదాంట్లో ఆ జనం మనమే. మొదటిదాన్ని పిల్లలకు చూపించడానికి జంకుతాం. రెండోదానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తాం, సకుటుంబ వినోదమని.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన న్యాయం కాదు. మీ పుస్తకంలోనే ఉంది. 1991 డిసెంబరు 6 నాటి మార్గదర్శకాల్లో ఒకేచోట మూడు సంగతులు రాసి ఉన్నాయి. పిల్లల్ని హింసలోకి లాగే దృశ్యాలు, వికలాంగుల్ని హేళన చేసే దృశ్యాలు, జంతువుల్ని హింసించే దృశ్యాలు అనవసరంగా ఉండకూడదని. ఆ మూడింట్లో జంతువుకు దిక్కు దొరికింది. సినిమాలో ఒక ఎద్దు నడవాలన్నా జంతు సంక్షేమ బోర్డు పత్రం కావాలి, ఏ జీవికీ హాని చెయ్యలేదని మొదట్లోనే కార్డు పడాలి. సంతోషమే. 2012 నుంచి సిగరెట్టు వెలిగిస్తే చాలు, కింద హెచ్చరిక పడుతుంది. అదీ మంచిదే. వీపు మీద దిండుకు మాత్రం ఏ పత్రమూ అక్కర్లేదు.

చట్టాలు లేక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వికలాంగుణ్ణి నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు అని దాని 92వ సెక్షను. ఒక హిందీ సినిమా మీద నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో 2024 జులై 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా సూటిగా ఉంది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాణ్ణి కించపరిచే హాస్యం వేరు అని న్యాయమూర్తులు గీత గీసి చూపించారు. వాళ్ళ గురించి తీసేటప్పుడు వాళ్ళను కలుపుకుని తియ్యండన్నారు. హాస్యం మీద నిషేధమేమీ పెట్టలేదు. నేనూ అడగను. మా మామ చెప్పే గూని జోకులకు మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ జోకుల్లో బోర్లా పడేవాడు ఎప్పుడూ ఎదుటివాడే.

మన పాత కథల్ని కూడా ఒకసారి తిరగేసి చూడండి. గూని అనగానే మంథర, ఆమె మనసూ వంకరే అన్నారు. లేదంటే కుబ్జ, కృష్ణుడి చెయ్యి తగలగానే నిటారుగా నిలబడింది. గూని ఉంటే చెడ్డవాళ్ళు కావాలి, మంచివాళ్ళయితే గూని పోవాలి. ఈ రెండింటికీ లొంగని కథ ఒకటుంది, అష్టావక్రుడిది. ఎనిమిది వంకర్లతో జనకుడి సభలోకి నడిచి వస్తే పండితులు నవ్వారట. ఆయన వాళ్ళకంటే గట్టిగా నవ్వి, జ్ఞానుల సభ అనుకుని వచ్చాను, ఇక్కడ తోలు చూసి లెక్కగట్టేవాళ్ళే ఉన్నారన్నాడట. హేళనను సభ మొహానే తిప్పికొట్టిన ఆ కథ మన దగ్గరే ఉంది. వెండితెర మీదా మనకు మంచి ఉదాహరణలు లేకపోలేదు. 1986లో కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ తీశారు. చూపు లేని వేణుగాన విద్వాంసుడు, మాట లేని చిత్రకారిణి. అందులో జాలి కంటే విద్య ఎక్కువ కనబడుతుంది.

డిస్నీ సినిమాను నెత్తిన పెట్టుకోమనడం లేదు. పెద్దయ్యాక చూస్తే లోపాలు తెలుస్తున్నాయి. పొయ్యి ముందు అంత భయంకరమైన పాట పాడించినవాళ్ళే, పిల్లలు బెదురుతారేమోనని గోపురం మీది రాతిబొమ్మల చేత చవకబారు చమత్కారాలు చెప్పించారు. కథానాయకుణ్ణి మరీ పసిపిల్లాణ్ణి చేశారు. అతను ప్రేమించిన అమ్మాయి చేతిని అతని చేతే అందగాడి చేతిలో పెట్టించారు. నీకేం కావాలని అతన్ని అడిగినవాళ్ళు లేరు. నవల ఇంకా కటువు. అందులో ఎస్మరాల్డాను ఉరి తీస్తారు. క్వాసిమోడో ఎముకలు ఆమె ఎముకల్ని కౌగిలించుకుని చాలా కాలానికి దొరుకుతాయి. సినిమావాళ్ళు అంత దూరం వెళ్ళలేకపోయారు. కానీ ఒక మంచి పని చేశారు, అతని వెన్ను సరిచెయ్యలేదు. కుబ్జను చేసినట్టు చెయ్యలేదు. చివర్లో గుమ్మం దాటి వెలుగులోకి వస్తే, గుంపులోంచి ఒక చిన్నపిల్ల నడిచి వచ్చి, ఆ మొహాన్ని చేత్తో తడిమి చూసి కౌగిలించుకుంటుంది. ఆ వెన్నుతోనే అతన్ని జనం భుజాలకెత్తుకుంటారు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. 2023లో చట్టం సవరించి, పిల్లలకు పెద్దల మార్గదర్శనం కోరే ‘యుఏ’ను ఏడు, పదమూడు, పదహారేళ్ళని మూడుగా విడగొట్టారు. తల్లిగా నాకది పనికొచ్చే మార్పు. అయితే ఆ అంకె వేసేముందు తెర మీద ఎంత రక్తం కారిందో చూసినట్టే, హాల్లో నవ్వు ఎవరి వీపు మీద పడబోతోందో కూడా చూడండి. ఎందుకు ఆ అంకె వేశారో ఒక ముక్క తెలుగులో, మా ఆడపడుచుకు కూడా అర్థమయ్యేలా రాయండి. ‘ఇందులో ఒక మనిషి ఆకారాన్ని చూపించి నవ్విస్తారు’ అని రాసి ఉంటే, వెళ్ళాలో వద్దో మేం తేల్చుకుంటాం.

రెండోది, మీ చీకటి గదిలో ఒక కుర్చీ. బోర్డులో మూడోవంతు స్త్రీలుండాలని, వీలైతే సగం ఉండాలని 2024 నిబంధనల్లో రాసుకున్నారు. ఆడవాళ్ళను చూపించే తీరును ఆడవాళ్ళు చూసి చెప్పాలన్న ఇంగితమే కదా అది. సినిమా చూసే బృందంలోనూ అదే ఇంగితంతో వెన్ను వంగినవాళ్ళో, చూపు లేనివాళ్ళో, చేతికర్రతో నడిచేవాళ్ళో ఒకరుండాలి. వాళ్ళు వచ్చి కత్తిరించమంటారని భయపడకండి. నలుగురు నవ్వినప్పుడు ఐదో మనిషి నవ్వలేదన్న సంగతి మీకు తెలుస్తుంది. అంతే. మా మామ లాంటివాడైతే గట్టిగా నవ్వనూవచ్చు, అప్పుడు ఎందుకు నవ్వారని అడగండి.

ఆదివారం సినిమా అయ్యాక మా పిల్ల మామ ట్రంకుపెట్టె తీయించింది. అందులో ఆయన తన కోసం కుట్టుకున్న తెల్ల చొక్కా ఒకటి మిగిలింది. దాన్ని నేల మీద పరిచి, అంచులు కలిపి చూసి, నా వంక తిరిగింది.

‘‘ముందుకన్నా వెనక నాలుగు వేళ్ళంత ఎక్కువున్నది. తాత కొలత తప్పిండా అమ్మా?’’

‘‘లేదు బిడ్డా. తాత తొడుక్కుంటే రెండంచులు సమంగ ఉండేవి.’’

ఇట్లు,
దర్జీ మేనకోడలు,
దబీర్‌పురా, హైదరాబాద్